ఫిజిక్స్ హోంవర్క్ అంటే భయమెందుకు? చలనం, ఉష్ణం లెక్కలు ఇంట్లోనే చేసుకునే పద్ధతి

రామచంద్రపురం: మొన్న మగ్రిబ్ తర్వాత మా వీధిలో తెలిసినవాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మాయి తొమ్మిదో తరగతి. నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంది. ‘‘అబ్బా, ఈ లెక్క రావట్లేదు’’ అంది. ఆయనకు బట్టల కొట్టుంది. ‘‘నాకేం తెలుస్తుంది బేటీ, గైడ్‌లో చూసి రాసెయ్’’ అన్నారు.

ఆయన మీటర్ల లెక్క, జీఎస్టీ లెక్క కాలిక్యులేటర్ లేకుండా చెప్పేస్తారు. గంటకు ఇన్ని కిలోమీటర్లయితే ఎన్ని గంటలు పడుతుందన్న లెక్కకి మాత్రం చేతులెత్తేశారు. నిజానికి రెండూ ఒకటే లెక్క. ఒకటి దుకాణంలో ఉంటుంది, ఇంకోటి పుస్తకంలో ఉంటుంది. అంతే తేడా.

నా సంగతి కూడా చెప్పాలి. పది అయ్యాక సీఈసీ తీసుకున్నాను. కామర్స్ మీద ఇష్టం కొంత, ఫిజిక్స్ భయం ఎక్కువ. ఈ వ్యాసం కోసం పుస్తకాలు మళ్లీ తెరిస్తే, నన్ను భయపెట్టిన లెక్కల్లో చాలావరకు కూడిక, గుణకారం, భాగహారమే కనిపించాయి. భయంతో గ్రూపు ఎంచుకునే పరిస్థితి మన పిల్లలకు రాకూడదు. ఇంజనీరింగ్ కోసం రాసే ఏపీ ఈఏపీసెట్‌లో 160 మార్కులుంటే, అందులో 40 ఫిజిక్స్‌వి. పాలిటెక్నిక్‌కి వెళ్లాలన్నా పాలీసెట్‌లో ఫిజిక్స్ తప్పదు. ఆ తలుపు తొమ్మిదో తరగతి హోంవర్క్ దగ్గరే మూసుకుపోతోంది.

అందుకే అమ్మీ, అబ్బాలు పిల్లలతో కలిసి కూర్చుని చదువుకునేలా ఇది రాశాను. దాచుకుంటే పరీక్షలప్పుడు పనికొస్తుంది.

మూడు భాషల చిక్కు

మన ఇళ్లల్లో చాలామంది పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. లెక్క రాకపోవడానికి సగం కారణం ప్రశ్నలో మాట అర్థం కాకపోవడమే. తెలుగులో ‘చలనం’ అంటే ఉర్దూలో హర్కత్. ‘దూరం’ అంటే ఫాసిలా. ‘త్వరణం’ అంటే ఇస్రా, ఇంగ్లీషులో యాక్సిలరేషన్. ‘ఉష్ణం’ అంటే హరారత్. ‘ఉష్ణోగ్రత’ అంటే దర్జయె హరారత్. పెద్దవాళ్లు ఈ మాటలు ఒక్కసారి ఇంటి భాషలో చెబితే సగం పని అయిపోతుంది.

సైన్సును మన భాషల్లో చెప్పడం కొత్తేమీ కాదు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. దాని కోసం అంతకు ముందు ఏడాదే హైదరాబాద్‌లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, సైన్సు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. తెలుగులో కాలేజీ పుస్తకాల కోసం 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. కాబట్టి ‘మన భాషలో ఫిజిక్స్ కుదరదు’ అనే మాట నమ్మకండి.

ఏ లెక్కకైనా ఇవే ఆరు మెట్లు

1. ప్రశ్న రెండుసార్లు చదవాలి. ఇచ్చిన అంకెలన్నీ ప్రమాణాలతో సహా ఒక పక్కన రాయాలి.
2. అడిగిందేమిటో ఒక్క మాటలో రాయాలి. దూరమా, కాలమా, వేగమా?
3. ప్రమాణాలన్నీ ఒకే పద్ధతిలోకి మార్చాలి. మీటరు, కిలోగ్రాము, సెకను.
4. తెలిసినవాటినీ తెలియనిదాన్నీ కలిపే సూత్రం ఎంచుకోవాలి.
5. అంకెలు వేసి లెక్క కట్టాలి.
6. వచ్చిన జవాబు నమ్మేలా ఉందా అని చూడాలి. సైకిల్ వేగం గంటకు 400 కిలోమీటర్లు వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

పిల్లలు నాలుగో మెట్టు దగ్గర మొదలుపెడతారు. సూత్రం బట్టీ పట్టి, కనిపించిన అంకెలన్నీ అందులో పడేస్తారు. తప్పులన్నీ అక్కడే పుడతాయి.

మొదటి భాగం: చలనం

ముందు కిలోమీటర్లను మీటర్లలోకి మార్చడం రావాలి. కిలోమీటరుకు 1,000 మీటర్లు, గంటకు 3,600 సెకన్లు. 1,000ని 3,600తో భాగిస్తే 5/18. కాబట్టి గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి. బైక్ గంటకు 54 కిలోమీటర్లతో వెళ్తుంటే, 54 × 5 ÷ 18 = 15. అంటే సెకనుకు 15 మీటర్లు. వెనక్కి మార్చాలంటే 18తో గుణించి 5తో భాగించాలి.

లెక్క 1: సగటు వడి

రామచంద్రపురం నుంచి కాకినాడకు 30 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్లేటప్పుడు గంటకు 30 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60. సగటు ఎంత?

చాలామంది 30, 60 కలిపి సగం చేసి 45 అంటారు. తప్పు. సగటు వడి అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాలి. వెళ్లడానికి ఒక గంట, రావడానికి అరగంట. మొత్తం గంటన్నర. మొత్తం దూరం 60 కిలోమీటర్లు. 60 ÷ 1.5 = 40. నిదానంగా నడిపిన కాలం ఎక్కువ కాబట్టి సగటు అటువైపు జరిగింది.

ఇందులోనే ఇంకో ప్రశ్న దాగి ఉంటుంది. సగటు వేగం ఎంత? జవాబు సున్నా! వడి (స్పీడ్) దూరంతో కడతాం. వేగం (వెలాసిటీ) స్థానభ్రంశంతో కడతాం. బయల్దేరిన చోటికే తిరిగొచ్చాం కాబట్టి స్థానభ్రంశం సున్నా. మామూలు మాటల్లో వడి, వేగం ఒకటే అనుకుంటాం. పరీక్షలో కాదు. (రోజువారీ అలవాటు ప్రకారం ఈ వ్యాసంలో చాలాచోట్ల వేగం అనే రాశాను. తిన్నగా ఒకే దిక్కుకు వెళ్తున్నప్పుడు రెండింటి విలువా ఒకటే.)

లెక్క 2: బస్సు బయల్దేరింది

ఆగి ఉన్న బస్సు 10 సెకన్లలో సెకనుకు 15 మీటర్ల వేగం అందుకుంది. త్వరణం ఎంత? ఈలోగా ఎంత దూరం వెళ్లింది?

త్వరణం అంటే ఒక్కో సెకనుకు వేగం ఎంత పెరిగిందో అది. 15 ÷ 10 = 1.5. అంటే ప్రతి సెకనుకూ వేగం 1.5 మీటర్ల చొప్పున పెరిగింది.

దూరానికి సూత్రం: మొదటి వేగం × కాలం + సగం × త్వరణం × కాలం × కాలం. మొదటి వేగం సున్నా కాబట్టి మొదటి భాగం పోయింది. సగం × 1.5 × 10 × 10 = 75 మీటర్లు.

సూత్రం మర్చిపోతే? గ్రాఫ్ గీయండి. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. సున్నా నుంచి 15కి ఎక్కే గీత కింద త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యం సగం × 10 × 15 = 75. అదే జవాబు. వేగం-కాలం గ్రాఫ్ కింద వైశాల్యమే దూరం. ఇది ఒక్కటి అర్థమైతే సూత్రాల భయం పోతుంది.

లెక్క 3: బ్రేక్ వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది?

ఈ లెక్క ఇంట్లో బైక్ నడిపే కుర్రాళ్లచేత తప్పకుండా చేయించండి. కాలువ గట్టు రోడ్ల మీద మలుపులు, పశువులు, ఎదురొచ్చే ట్రాక్టర్లు మనకు తెలిసినవే.

బైక్ సెకనుకు 15 మీటర్లతో (గంటకు 54 కిలోమీటర్లు) వెళ్తోంది. బ్రేక్ వేస్తే ప్రతి సెకనుకూ వేగం 5 మీటర్ల చొప్పున తగ్గుతుంది. ఎంత దూరంలో ఆగుతుంది?

ఇక్కడ కాలం ఇవ్వలేదు. కాబట్టి కాలం లేని సూత్రం కావాలి: చివరి వేగం వర్గం = మొదటి వేగం వర్గం + 2 × త్వరణం × దూరం. ఆగిపోయింది కాబట్టి చివరి వేగం సున్నా. వేగం తగ్గుతోంది కాబట్టి త్వరణం మైనస్ 5. ఈ మైనస్ వదిలేస్తే జవాబు తలకిందులవుతుంది. 0 = 225 – 10 × దూరం. దూరం 22.5 మీటర్లు.

అయితే కంటికి కనిపించి, చెయ్యి బ్రేక్ మీదికి వెళ్లేలోపు ఒక సెకను పోయిందనుకోండి. ఆ సెకనులో బండి 15 మీటర్లు వెళ్లిపోతుంది. మొత్తం 37.5 మీటర్లు.

ఇప్పుడు వేగం సగం చేయండి. సెకనుకు 7.5 మీటర్లు, అంటే గంటకు 27 కిలోమీటర్లు. వర్గం 56.25. పదితో భాగిస్తే బ్రేక్ దూరం 5.6 మీటర్లే. వేగం సగమైతే దూరం సగం కాదు, నాలుగో వంతు అయింది. సూత్రంలో వేగం వర్గం ఉంది కాబట్టి అలా వస్తుంది. ‘మెల్లగా వెళ్లు బేటా’ అని అమ్మీ చెప్పే మాటకి లెక్క ఇదే.

లెక్క 4: కొబ్బరికాయ పడింది

కోనసీమలో ఉండి ఈ లెక్క చేయకపోతే ఎలా? 20 మీటర్ల ఎత్తు నుంచి కొబ్బరికాయ ఊడి పడింది. నేలను తాకడానికి ఎంత కాలం? అప్పుడు వేగం ఎంత?

గురుత్వ త్వరణం 9.8. లెక్క సులువు కోసం 10 తీసుకుందాం. మొదటి వేగం సున్నా. 20 = సగం × 10 × కాలం వర్గం. కాలం వర్గం 4, కాలం 2 సెకన్లు. వేగం = 10 × 2 = సెకనుకు 20 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్లు! చెట్టు కింద పిల్లల్ని కూర్చోనివ్వకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

కాయ బరువు ఎంతో ప్రశ్నలో ఇవ్వలేదేమిటి అని పిల్లలు అడుగుతారు. అక్కర్లేదు. గాలి అడ్డు లెక్కలోకి తీసుకోకపోతే పెద్ద కాయైనా చిన్న పిందైనా ఒకే వేగంతో పడతాయి. ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో దీన్ని వివరంగా వాదించారు.

ఇదే లెక్కను తిప్పి అడుగుతారు. మేడ మీద ఉన్నవాళ్లకు తాళాల గుత్తి 5 మీటర్ల ఎత్తుకు అందేలా విసరాలి. ఎంత వేగం కావాలి? పైచివర వేగం సున్నా. 0 = వేగం వర్గం – 2 × 10 × 5. వేగం వర్గం 100, వేగం సెకనుకు 10 మీటర్లు. పట్టే కాలం ఒక సెకను.

ఇక్కడొక బిట్ ప్రశ్న తరచూ వస్తుంది. పైచివర త్వరణం ఎంత? పిల్లలు సున్నా అని రాసేస్తారు. వేగం సున్నా నిజమే. త్వరణం మాత్రం అక్కడ కూడా 10, కిందికి. అది లేకపోతే గుత్తి గాల్లోనే ఆగిపోవాలి కదా!

రెండో భాగం: ఉష్ణం

ముందు ఒక తేడా తెలియాలి. ఉష్ణోగ్రత అంటే ఎంత వేడిగా ఉందో చెప్పే కొలత. ఉష్ణం అంటే అటు నుంచి ఇటు ప్రవహించే శక్తి. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు అనుకుందాం. 80 డిగ్రీల చాయ్ 200 గ్రాములు (చాయ్‌ని నీళ్లలాగే లెక్కేద్దాం) 25కి చల్లారితే వదిలే ఉష్ణం 46,200 జౌళ్లు. బకెట్‌లో 35 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు 20 లీటర్లు 25కి చల్లారితే 8,40,000 జౌళ్లు. చెయ్యి కాలేది చాయ్‌తోనే. ఉష్ణం మాత్రం బకెట్‌లో 18 రెట్లు ఎక్కువ.

ఈ అంకెలు వచ్చిన సూత్రం ఒక్కటే: ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో తేడా. నీటి విశిష్టోష్ణం 4,200. అంటే కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి 4,200 జౌళ్లు కావాలి. పాత పుస్తకాల్లో కెలోరీల్లో ఉంటుంది: గ్రాముకు, డిగ్రీకి ఒక కెలోరీ. ఒక కెలోరీ అంటే సుమారు 4.2 జౌళ్లు.

లెక్క 5: హీటర్ రాడ్, కరెంటు బిల్లు

చలికాలం ఫజర్ ముందు 20 లీటర్ల నీళ్లు 25 నుంచి 45 డిగ్రీలకు కాచాలి. హీటర్ రాడ్ 1,500 వాట్లది. ఎంతసేపు పడుతుంది?

లీటరు నీళ్లు ఒక కిలో. 20 × 4,200 × 20 = 16,80,000 జౌళ్లు. 1,500 వాట్లంటే సెకనుకు 1,500 జౌళ్లు. భాగిస్తే 1,120 సెకన్లు, అంటే 18 నిమిషాల 40 సెకన్లు. కరెంటు యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. కాబట్టి అర యూనిట్ కంటే కొంచెం తక్కువ, 0.47 యూనిట్ ఖర్చవుతుంది. నిజంగా కాస్తే ఇంకొంచెం ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే కొంత వేడి గాలిలోకీ బకెట్‌కీ పోతుంది. పుస్తకంలో ‘ఉష్ణనష్టం లేదనుకోండి’ అని రాసేది అందుకే.

లెక్కలో లేని మాట ఒకటి: స్విచ్ ఆపి, ప్లగ్ తీసేశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

లెక్క 6: వుజూ నీళ్లు

80 డిగ్రీల వేడినీళ్లు 3 లీటర్లున్నాయి. 25 డిగ్రీల చన్నీళ్లు ఎన్ని కలిపితే 40 డిగ్రీలవుతాయి?

వేడినీళ్లు పోగొట్టుకున్న ఉష్ణం, చన్నీళ్లు పుచ్చుకున్న ఉష్ణం సమానం. కొట్టు ఖాతాలో జమ, ఖర్చు సరిపోయినట్టే. రెండువైపులా నీళ్లే కాబట్టి 4,200 కొట్టేయొచ్చు. 3 × (80 – 40) = చన్నీళ్లు × (40 – 25). 120 = చన్నీళ్లు × 15. జవాబు 8 లీటర్లు. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు ఇనుమో రాగో ఉంటే మాత్రం విశిష్టోష్ణాలు కొట్టేయకూడదు.

లెక్క 7: ఇఫ్తార్ షర్బత్

30 డిగ్రీల షర్బత్ లీటరు ఉంది (నీళ్లలాగే లెక్కేద్దాం). దాన్ని 10 డిగ్రీలకు చల్లార్చాలి. సున్నా డిగ్రీల ఐసు ఎంత వేయాలి?

ఐసు కరగడానికే గ్రాముకు 80 కెలోరీలు తీసుకుంటుంది. ఆ సమయంలో ఉష్ణోగ్రత పెరగదు. దీన్నే గుప్తోష్ణం అంటారు. స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1760ల మొదట్లో దీన్ని కనిపెట్టారు. కరిగిన నీళ్లు మళ్లీ 0 నుంచి 10కి రావడానికి ఇంకో 10 కెలోరీలు. మొత్తం గ్రాముకు 90. షర్బత్ వదలాల్సింది 1,000 × 20 = 20,000 కెలోరీలు. 20,000 ÷ 90 = సుమారు 222 గ్రాములు.

ఐసు బదులు సున్నా డిగ్రీల నీళ్లే పోస్తే? గ్రాముకు 10 కెలోరీలే తీసుకుంటాయి. 2,000 గ్రాములు కావాలి. లీటరు షర్బత్‌లో రెండు లీటర్ల నీళ్లు! పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: గుప్తోష్ణం వేసి, కరిగిన నీళ్లు వేడెక్కే పది కెలోరీలు మర్చిపోతారు.

ఇదే లెక్క ఆవిరికి చూడండి. నీళ్లు ఆవిరవడానికి గ్రాముకు 540 కెలోరీలు కావాలి. 100 డిగ్రీల నీళ్లు ఒంటి మీద పడి 37కి చల్లారితే గ్రాముకు 63 కెలోరీలు వదులుతాయి. అదే ఆవిరైతే 540 + 63 = 603. దాదాపు పది రెట్లు. బిర్యానీ దమ్ మూత తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టి, మూత అవతలివైపుకు ఎత్తాలి.

లెక్క 8: చలనం, ఉష్ణం కలిసే చోటు

లెక్క 3లో ఆగిన బైక్ గుర్తుందా? దాని గతిశక్తి ఎక్కడికి పోయింది? బండి, మనిషి కలిపి 200 కిలోలు అనుకుందాం. గతిశక్తి = సగం × ద్రవ్యరాశి × వేగం వర్గం = సగం × 200 × 225 = 22,500 జౌళ్లు. అదంతా బ్రేక్‌లోని కిలో ఇనుముకే చేరిందనుకుంటే, ఇనుము విశిష్టోష్ణం సుమారు 450 కాబట్టి, 22,500 ÷ 450 = 50 డిగ్రీలు వేడెక్కుతుంది. బండి ఆపగానే బ్రేక్ డ్రమ్ ముట్టుకోకూడదు అనేది ఇందుకే.

ఇలా పని ఉష్ణంగా మారుతుందని ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ జౌల్ 1840లలో ప్రయోగాలు చేసి చూపించారు. కిందికి దిగే బరువులతో నీళ్లలో రెక్కలు తిప్పి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచారు. జౌళ్లు అనే పేరు ఆయనదే.

తరచుగా పోయే మార్కులు

• గ్రాములను కిలోల్లోకి మార్చకుండా 4,200తో గుణించడం.
• కిలోమీటర్లు, సెకన్లు ఒకే సూత్రంలో కలిపేయడం.
• పైకి విసిరినప్పుడు గురుత్వ త్వరణానికి మైనస్ పెట్టకపోవడం.
• ఉష్ణోగ్రత తేడాకు 273 కలపడం. తేడా సెల్సియస్‌లోనైనా కెల్విన్‌లోనైనా ఒకటే. 20 డిగ్రీల తేడా 20గానే ఉంటుంది.
• జవాబు పక్కన ప్రమాణం రాయకపోవడం. ధర పక్కన రూపాయలో పైసలో రాయకపోతే బిల్లు ఎలా ఒప్పుకుంటాం?

తల్లిదండ్రులు చేయగలిగింది

మీకు ఫిజిక్స్ రానక్కర్లేదు. పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ‘ఏమిచ్చారు? ఏమడిగారు? వచ్చిన జవాబు నిజంగా కుదురుతుందా?’ గైడ్ చూడొద్దని కాదు, లెక్క చేశాక సరిచూసుకోవడానికి చూడాలి. రోజుకు రెండు లెక్కలు సొంతంగా చేస్తే నెలకు అరవై అవుతాయి. ఆడపిల్లల్ని ‘నీకెందుకు ఎంపీసీ’ అని ముందే ఆపొద్దు. లెక్క చేయడం వచ్చాక వాళ్లే నిర్ణయించుకుంటారు.

ఆ రోజు ఆ అమ్మాయికి కొబ్బరికాయ లెక్క చెప్పాను. రెండు సెకన్లని తేలాక, 45 మీటర్ల నుంచి పడితే ఎంతని వాళ్లబ్బా అడిగారు. సూత్రంలో వేసి మూడు సెకన్లంది. ఆయన కాగితం తీసుకుని తానూ కట్టి చూశారు. మూడే వచ్చింది.